350 వోల్టులు మొదటిసారి ఎక్కించే ముందు: ఎస్టీమ్ ఎలక్ట్రిక్ కన్వర్షన్, హై వోల్టేజ్ ఎపిసోడ్

పాత ఎస్టీమ్‌ని ఎలక్ట్రిక్ కారుగా మారుస్తున్న మన సిరీస్‌లో ఇది హై వోల్టేజ్ ఎపిసోడ్. ఇంజిన్ దింపేశాం, మోటారు ఎక్కించాం, అడాప్టర్ ప్లేట్ బిగించాం, బ్యాటరీ పెట్టెలు కట్టించాం. ఇప్పటిదాకా చేసిన పనిలో ఏదైనా తేడా వస్తే మహా అయితే ఒక వారం కష్టం వృథా అవుతుంది. ఈ రోజు చేసే పనిలో తేడా వస్తే మనిషి పోతాడు. అందుకే ఈ ఎపిసోడ్ నెమ్మదిగా నడుస్తుంది. దయచేసి స్పీడ్ పెంచకుండా చూడండి.

ముందే ఒక మాట. "అన్నా, సర్క్యూట్ డయాగ్రమ్ పెట్టు, అలాగే కట్టేస్తాం" అని చాలామంది అడుగుతున్నారు. డయాగ్రమ్ కంటే ముందు ఏ వస్తువు ఎందుకు పెట్టామో అర్థం కావాలి. అది తెలిస్తే డయాగ్రమ్ మీరే గీసుకుంటారు. తెలియకపోతే నేను ఇచ్చినా ఉపయోగం లేదు. ఇంకోటి, చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చి రోడ్డెక్కడం కుదరదు. ఎలక్ట్రిక్ రెట్రోఫిట్ కిట్ అయితే ఏఐఎస్ 123 ప్రమాణం కింద పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల దగ్గర ఆమోదం పొంది ఉండాలి, ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కాలి. మన కారు నేర్చుకోవడానికి చేస్తున్న ప్రాజెక్టు. గేటు లోపలే తిరుగుతుంది.

ఇక లెక్కల్లోకి వెళ్దాం. మన ప్యాక్‌లో 96 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ సిరీస్‌లో ఉన్నాయి. ఒక్కో సెల్ నామమాత్రపు వోల్టేజ్ 3.2, అంటే మొత్తం 307 వోల్టులు. పూర్తిగా చార్జ్ చేస్తే సెల్‌కి 3.65, అంటే 350 వోల్టులు. ఇది ఎంత ప్రమాదమో ఒక చిన్న లెక్క చెప్తాను. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మనిషి శరీరం అడ్డు సుమారు 1000 ఓమ్స్ అనుకోండి. 350 వోల్టులకి 0.35 ఆంప్ గుండె మీదుగా వెళ్తుంది. ప్రాణం తీయడానికి అది చాలు. వాహన నిబంధనల్లో 60 వోల్టుల డీసీ దాటితే హై వోల్టేజ్ కింద లెక్క. మనది దానికి దాదాపు 6 రెట్లు.

ఆ 60 అనే అంకెని గుర్తుపెట్టుకోండి. 96 సెల్స్‌ని మనం 16 చొప్పున 6 మాడ్యూల్స్‌గా విడగొట్టాం. 16 సెల్స్‌కి ఫుల్ చార్జ్‌లో 58.4 వోల్టులు. 60 లోపలే ఉండాలని కావాలనే అలా లెక్కేసుకున్నాం. మాడ్యూల్స్‌ని కలిపే లింకులు బిగించనంత వరకు పెట్టెలో ఎక్కడా 60 దాటదు. అయితే షాక్ లేదని ధీమా వద్దు. స్పానర్ జారి రెండు టెర్మినల్స్ మీద పడితే 58 వోల్టులకైనా వేల ఆంప్స్ పారతాయి, స్పానర్ కరిగి మీద పడుతుంది. అందుకని ఇన్సులేటెడ్ స్పానర్లే వాడాలి. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు అన్నీ తీసి పక్కన పెట్టాలి. చేతికి 1000 వోల్టుల క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు, వాటిపైన తోలు గ్లౌజులు. ప్రతిసారీ వేసుకునే ముందు రబ్బరు గ్లౌజులో గాలి బంధించి చుట్టి చూడండి. గాలి పోతుంటే అది చెత్తబుట్టకే.

మీలో చాలామంది ఇంట్లో కరెంటు పని చేసి ఉంటారు. ఆ అనుభవం ఇక్కడ రెండు చోట్ల మోసం చేస్తుంది.

మొదటిది, డీసీ ఆర్క్. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ ఏసీ. సెకనుకి 100 సార్లు సున్నా దగ్గరికి వస్తుంది. స్విచ్ తీసినప్పుడు పుట్టిన నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. వైరు లాగితే నిప్పు కూడా దారంలా సాగుతుంది, ఆరదు. అందుకని 250 వోల్టుల ఏసీ అని రాసి ఉన్న ఫ్యూజు, ఇంటి ఎంసీబీ, మామూలు రిలే, ఏదీ ఇక్కడ పనికిరాదు. మా ఊళ్ళో బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేసి నడిపించేస్తారు. కారులో ఆ పని చేస్తే బ్యాటరీకీ నిప్పుకీ మధ్య ఏమీ మిగలదు. ఫ్యూజు మీద డీసీ వోల్టేజ్ విడిగా రాసి ఉండాలి, అది ప్యాక్ ఫుల్ వోల్టేజ్ కంటే ఎక్కువ ఉండాలి. మనం 500 వోల్టుల డీసీ ఫ్యూజు పెట్టాం.

రెండోది, బాడీ ఎర్త్. మామూలు కారులో 12 వోల్టుల నెగటివ్ నేరుగా బాడీకి కలిపి ఉంటుంది. హై వోల్టేజ్‌లో ప్లస్ గానీ మైనస్ గానీ బాడీకి అస్సలు తగలకూడదు. రెండూ తేలుతూ ఉండాలి. ఎందుకంటే అలా ఉన్నప్పుడు ఎక్కడో ఒక్క చోట ఇన్సులేషన్ దెబ్బతిన్నా కరెంటు తిరిగి వెళ్లడానికి దారి ఉండదు. బాడీ ముట్టుకున్న మనిషికి ఏమీ కాదు. ఒక తప్పుకి మాఫీ దొరుకుతుందన్నమాట. కానీ ఆ మొదటి లోపం కంటికి కనపడదు, కారు మామూలుగానే నడుస్తుంది. రెండో లోపం వచ్చిన రోజున మాఫీ ఉండదు. కాబట్టి మొదటి లోపాన్ని అదే రోజు పట్టుకోవాలి. ఈ ఎపిసోడ్‌లో చేసే పరీక్షల్లో సగం దాని కోసమే.

ఇప్పుడు కరెంటు వెళ్లే దారి వెంట నడుద్దాం. మూడో మాడ్యూల్‌కీ నాలుగో మాడ్యూల్‌కీ మధ్యలో సర్వీస్ ప్లగ్ ఉంది. అది పీకితే ప్యాక్ రెండు ముక్కలవుతుంది. గుర్తుంచుకోండి, పీకిన తర్వాత కూడా ఒక్కో సగంలో 175 వోల్టులు ఉంటాయి. పెట్టె బయట కరెంటు ఉండదు, పెట్టె లోపల ఉంటుంది. ఆ ప్లగ్ పక్కనే మెయిన్ ఫ్యూజు. తర్వాత ప్లస్ వైపు ఒక కాంటాక్టర్, మైనస్ వైపు ఒక కాంటాక్టర్. ఇవి రెండూ పెట్టె లోపలే ఉండాలి, అప్పుడే కారు ఆఫ్‌లో ఉన్నప్పుడు బయటి ఆరెంజ్ కేబుల్స్ చచ్చి ఉంటాయి. కాంటాక్టర్ కొన్నప్పుడు దాని టెర్మినల్స్ మీద ప్లస్ మైనస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఆర్క్‌ని పక్కకి ఊదేయడానికి లోపల అయస్కాంతాలు ఉన్న రకం అయితే తిరగేసి కట్టకూడదు. తిరగేస్తే ఆర్క్‌ని ఆర్పే శక్తి తగ్గిపోతుంది.

ప్లస్ కాంటాక్టర్‌కి పక్కదారిలో ప్రీచార్జ్ రిలే, 100 ఓమ్స్ రెసిస్టర్. "ఇది అవసరమా, తీసేస్తే ఖర్చు తగ్గుతుంది కదా" అన్న ప్రశ్న ప్రతి ఎపిసోడ్ కింద వస్తోంది. లెక్క చూడండి. ఇన్వర్టర్ లోపల 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. ఖాళీగా ఉన్న కెపాసిటర్ అంటే ఆ క్షణానికి షార్ట్ సర్క్యూట్ లాంటిదే. దారిలో మొత్తం అడ్డు 0.05 ఓమ్ ఉందనుకుంటే, నేరుగా కాంటాక్టర్ వేస్తే మొదటి క్షణంలో లెక్క ప్రకారం 7000 ఆంప్స్. కాంటాక్టర్ ముఖాలు ఒకదానికొకటి వెల్డ్ అయి అతుక్కుపోతాయి. అతుక్కుపోయిన కాంటాక్టర్ అంటే తాళం తీసినా ఆగని కారు. అదే 100 ఓమ్స్ ద్వారా నింపితే మొదటి కరెంటు 3.5 ఆంప్స్. 0.3 సెకన్లలో 95 శాతం, 0.5 సెకన్లలో 99 శాతం నిండిపోతుంది. ఆ తర్వాత మెయిన్ కాంటాక్టర్ వేస్తే టక్ మని చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది. చాలా కన్వర్షన్లలో ప్రీచార్జ్‌ని టైమర్‌తో నడుపుతారు, అర సెకను ఆగి మెయిన్ వేసేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో పని పూర్తయిందో లేదో చూడకుండా స్లీప్ పెట్టి ముందుకెళ్లే కోడ్ లాంటిదే ఇది. అవతల షార్ట్ ఉంటే ఆ టైమర్‌కి తెలియదు. మన కంట్రోలర్ ముందుగా బస్ వోల్టేజ్ కొలుస్తుంది. ఏ కాంటాక్టరూ వేయకముందే అక్కడ వోల్టేజ్ కనిపిస్తే ఏదో అతుక్కుపోయిందని అర్థం, ఆగిపోతుంది. తర్వాత మైనస్ వేసి, ప్రీచార్జ్ వేసి, బస్ 95 శాతం దాటిందా అని చూస్తుంది. 1 సెకనులో దాటకపోతే అన్నీ తీసేసి ఫాల్ట్ చూపిస్తుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించదు, ఎందుకంటే షార్ట్ ఉంటే ఆ రెసిస్టర్ మీద 1200 వాట్లు పడతాయి, రెండు మూడు ప్రయత్నాలకే కాలిపోతుంది. డీసీ-డీసీ కన్వర్టర్ కూడా మెయిన్ పడ్డాకే ఆన్ అవ్వాలి. లేకపోతే నిండుతున్న కుండకి కింద చిల్లు పెట్టినట్టే, వోల్టేజ్ పైకి రాదు.

అయితే ఒక్క విషయంలో కోడ్‌ని నమ్మకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్, గుద్దుకున్నప్పుడు తెగే ఇనర్షియా స్విచ్, కనెక్టర్ మూతలు తీస్తే తెగే ఇంటర్‌లాక్ లూప్, ఈ మూడూ కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్లే 12 వోల్టుల వైరులోనే సిరీస్‌లో ఉన్నాయి. బటన్ నొక్కితే కంట్రోలర్‌కి కబురు వెళ్లి అది ఆలోచించి తీయడం కాదు, కాయిల్‌కి కరెంటే తెగాలి. ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా కాంటాక్టర్ ఊడాలి.

ఇక కేబుల్స్. మనం 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వాడాం, ఆరెంజ్ రంగుది. ఆ రంగు అందం కోసం కాదు, రేపు ఈ కారు ఏ మెకానిక్ చేతికి వెళ్లినా, ప్రమాదంలో ఫైర్ సిబ్బంది వచ్చినా, అది హై వోల్టేజ్ అని తెలియాలి. మీటర్ కేబుల్‌కి అడ్డు 0.5 మిల్లీఓమ్ కంటే కొంచెం తక్కువ. 200 ఆంప్స్ వెళ్తే మీటర్ పొడవునా 20 వాట్లు, పైన గాలి తగులుతుంది కాబట్టి పర్వాలేదు. కానీ ఒక లగ్గు సరిగ్గా క్రింప్ అవ్వక అక్కడ 1 మిల్లీఓమ్ ఉంటే ఆ చిన్న చోట 40 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్‌ని బోల్టు కింద పెట్టినట్టు. అందుకని సుత్తితో కొట్టడం, ప్లయర్‌తో నొక్కడం వద్దు. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్, సరైన సైజు డై. బోల్టు టార్క్ రెంచ్‌తో బిగించాక పెయింట్ పెన్‌తో గీత గీయండి. గీత పక్కకి జరిగితే బోల్టు వదులైందని చూడగానే తెలుస్తుంది.

ఇప్పుడు పరీక్షలు. వరస ముఖ్యం. చిన్న శక్తితో మొదలుపెట్టి పైకి వెళ్లాలి.

మొదటి మెట్టు, సర్వీస్ ప్లగ్ బయట, 12 వోల్టులు మాత్రమే. కాంటాక్టర్లు వరసలో పడుతున్నాయా, స్టాప్ బటన్‌కి ఊడుతున్నాయా, ఒక్కో ఇంటర్‌లాక్ మూత తీస్తే ఊడుతున్నాయా, అన్నీ చూశాం. రెండో మెట్టు, ప్యాక్ బదులు బెంచ్ పవర్ సప్లై, 30 వోల్టులు, కరెంటు లిమిట్ అర ఆంప్. ప్లస్ మైనస్ తిరగబడిందేమో, మీటర్ రీడింగులు సరిగ్గా వస్తున్నాయేమో ఇక్కడే తెలిసిపోతుంది. ఇక్కడ లోపం బయటపడితే ఏమీ కాలదు.

మూడో మెట్టు, ఇన్సులేషన్. మల్టీమీటర్‌లో ఓమ్స్ పెట్టి చూస్తే సరిపోదు, అది కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది. మెగ్గర్ కావాలి, 500 వోల్టుల సెట్టింగ్. బ్యాటరీ, బీఎంఎస్ మీద మెగ్గర్ కొట్టకూడదు, వాటిని పూర్తిగా విడదీసి, బయటి వైపు ప్లస్ మైనస్ రెండూ కలిపి, వాటికీ బాడీకీ మధ్య కొలవాలి. ఎలక్ట్రానిక్స్ ఉన్న యూనిట్లకి తయారీదారు అనుమతించిన టెస్ట్ వోల్టేజే వాడాలి. ఒక నిమిషం పాటు ఉంచాలి, లోపలి కెపాసిటర్లు నిండేదాకా రీడింగ్ పాకుతూ ఉంటుంది.

మొత్తం కలిపి కొలిస్తే 0.28 మెగాఓమ్ వచ్చింది. ఇక్కడ ఒక ధర్మసంకటం. యూఎన్ ఆర్ 100 నిబంధన ప్రకారం డీసీ, ఏసీ రెండూ కలిసి ఉన్న సర్క్యూట్లో వోల్టుకి కనీసం 500 ఓమ్స్ ఉండాలి. 350 వోల్టులకి 1,75,000 ఓమ్స్, అంటే 0.175 మెగాఓమ్. మనకి 0.28 ఉంది. కాగితం మీద పాస్. కానీ కొత్త కేబుల్స్‌తో కట్టిన సిస్టమ్‌లో పదులు, వందల మెగాఓమ్స్ రావాలి. సగం సగం విడదీస్తూ వెళ్లాం, సాఫ్ట్‌వేర్ వాళ్లు బైనరీ సెర్చ్ అంటారు కదా, అదే. మోటారు, కేబుల్స్ కలిపి 200 మెగాఓమ్స్ పైన. చార్జర్ 120. డీసీ-డీసీ 90. చివరికి దొరికింది ఏసీ కంప్రెసర్, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినది.

ఎలక్ట్రిక్ కంప్రెసర్‌లో మోటారు వైండింగ్ ఆయిల్, గ్యాస్ మధ్యలోనే ఉంటుంది. అందుకే వాటిలో కరెంటు పారనివ్వని పీఓఈ ఆయిల్ పోస్తారు. మామూలు కార్ల ఏసీకి వాడే పీఏజీ ఆయిల్ అందులో కలిస్తే, తేమ పీల్చుకుని ఇన్సులేషన్ పడిపోతుంది. పాత కంప్రెసర్ కొనేవాళ్లు ముందు మెగ్గర్ రీడింగ్ అడగండి, డబ్బులు తర్వాత ఇవ్వండి.

"పాస్ అయింది కదా, ఉంచెయ్" అని పక్కనున్న ఫ్రెండ్ అన్నాడు. "మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ లేని కారు ఎవరెక్కుతారురా" అని అమ్మ అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయినా తీసేశాం. కారణం ఇది. 0.28 అన్నది ఎండాకాలం పొడి గాలిలో, చల్లటి కారులో వచ్చిన అంకె. వానాకాలం వచ్చాక, కంప్రెసర్ వేడెక్కాక అది ఇంకా కిందికే వెళ్తుంది. రెండోది, కారులో ఇన్సులేషన్ మానిటర్ పెట్టాం, అది నడుస్తుండగా ఈ అడ్డుని కొలుస్తూ ఉంటుంది. ఎప్పుడూ 0.28 చూపించే కారులో రేపు ఇంకో చోట 1 మెగాఓమ్ లీకేజీ మొదలైతే అంకె 0.22కి మారుతుంది, ఎవరికీ అనుమానం రాదు. 60 చూపించే కారులో అదే లీకేజీ వస్తే 60 నుంచి 1కి పడిపోతుంది, వెంటనే తెలుస్తుంది. మొదటి లోపాన్ని దాచే వస్తువు కారులో ఉండకూడదు. కంప్రెసర్ తీసి ఆ కనెక్టర్‌కి మూత బిగించాక మళ్లీ కొలిస్తే మొత్తం 40 మెగాఓమ్స్ పైన వచ్చింది.

నాలుగో మెట్టు, అసలు వోల్టేజ్. ఇక్కడ మన లైన్‌మన్‌ల పద్ధతి పాటించాం. స్తంభం ఎక్కే ముందు వాళ్లు ఎల్సీ తీసుకుంటారు, అది తిరిగి ఇచ్చేదాకా లైన్ ఎక్కించకూడదు. మనకి సర్వీస్ ప్లగ్గే ఎల్సీ. కేబుల్ మీద చెయ్యి వేసేవాడి జేబులోనే అది ఉండాలి. ఒంటరిగా ఎవరూ ఈ పని చేయకూడదు. పక్కనున్న మనిషికి స్టాప్ బటన్ ఎక్కడుందో తెలియాలి, షాక్ కొట్టినవాణ్ణి ఒట్టి చేతులతో లాగకూడదని, సీపీఆర్ ఎలా చేయాలో తెలియాలి, 108 నంబర్ డయల్ చేసి సిద్ధంగా ఉండాలి.

మొదటిసారికి ప్రీచార్జ్ రెసిస్టర్ బదులు మన ఎలక్ట్రీషియన్ల సీరీస్ బల్బు పెట్టాం. 230 వోల్టుల 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు రెండు, ఒకదాని వెనక ఒకటి. ఎల్‌ఈడీ పనికిరాదు. ప్లస్ మెయిన్ కాంటాక్టర్ కాయిల్ వైరు ఊడదీసి ఉంచాం, పొరపాటున కూడా పడకుండా. అవతల షార్ట్ ఉంటే బల్బులు వెలుగుతూనే ఉంటాయి, కరెంటు తక్కువలోనే ఆగిపోతుంది, ఏమీ కాలదు. ప్లగ్ పెట్టాం, అందరం రెండడుగులు వెనక్కి జరిగాం, తాళం తిప్పాం. బల్బులు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయాయి. కెపాసిటర్ నిండింది. బస్ మీద 317 వోల్టులు. అంటే సెల్‌కి 3.3, విశ్రాంతిలో ఉన్న ఎల్‌ఎఫ్‌పీకి సరిగ్గా రావాల్సిన అంకె.

తాళం తీశాక ఇంకో కొలత, చాలామంది వదిలేసేది. కెపాసిటర్‌లో కరెంటు ఎంతసేపు మిగిలి ఉంటుంది? 317 నుంచి 60 కిందికి రావడానికి 2 నిమిషాల 50 సెకన్లు పట్టింది. కాబట్టి మన కారుకి నియమం 5 నిమిషాలు. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టే ముట్టుకోవాలి. ముందు వోల్టేజ్ ఉందని తెలిసిన చోట మీటర్ పెట్టి అది పనిచేస్తోందని చూడాలి, తర్వాత కేబుల్ మీద పెట్టాలి, మళ్లీ తెలిసిన చోట పెట్టి చూడాలి. చచ్చిన మీటర్ కూడా సున్నానే చూపిస్తుంది.

ఆ తర్వాత బల్బులు తీసి అసలు రెసిస్టర్ పెట్టాం, కాయిల్ వైరు కలిపాం, నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా స్టాండ్ల మీద నిలబెట్టాం. 0.4 సెకన్లలో ప్రీచార్జ్, టక్ మని మెయిన్. తక్కువ టార్క్‌లో చక్రాలు తిరిగాయి. తిరుగుతుండగానే యాక్సిలరేటర్ వదిలేసి స్టాప్ బటన్ నొక్కాం, కాంటాక్టర్లు ఊడాయి. పది నిమిషాలు తిప్పాక ప్లగ్ పీకి, 5 నిమిషాలు ఆగి, మీటర్‌తో చూసి, ఒక్కో లగ్గు వేడి కొలిచాం. ఏదీ పక్కదానికంటే వేడిగా లేదు.

ఇప్పుడు కారులో ఏసీ లేదు. కొత్త కంప్రెసర్ వచ్చేదాకా అద్దాలు దించుకునే తిరుగుతాం, అమ్మకి సర్దిచెప్పే పని నాది. ఈ పని మీరూ చేద్దామనుకుంటే, 48 వోల్టుల ఆటో కిట్‌తోనో సైకిల్‌తోనో మొదలుపెట్టండి. అక్కడ కూడా ఫ్యూజు, క్రింపింగ్, ప్రీచార్జ్ ఇవే పాఠాలు. వచ్చే ఎపిసోడ్‌లో మోటారు ట్యూనింగ్, రీజెన్ బ్రేకింగ్ చూద్దాం. ప్రశ్నలుంటే అడగండి, ముఖ్యంగా "ఇది అవసరమా" అన్న ప్రశ్నలు. సెలవు.